దుకాణం తూటాతో గురి కుదరాలంటే

పోయిన సెప్టెంబరులో ఒక శనివారం పొద్దున్నే మా బామ్మర్ది ఫోన్ చేశాడు. రైఫిల్ కొని మూడు వారాలైంది, అప్పటికే నాలుగు పెట్టెల తూటాలు తగలేశాడు. "బావా, వంద గజాల దగ్గర నాలుగంగుళాలు చెదురుతున్నాయి. బ్యారెల్లోనే ఏదో తేడా ఉంది. అమ్మేసి ఇంకోటి తీసుకుంటా" అన్నాడు. ఖాళీ చేసి, కేసులో పెట్టి ఇంటికి పట్టుకురమ్మన్నాను. పైన గురి చూసే దుర్భిణి, అంటే స్కోప్, పట్టుకొని ఊపితే ఏమీ తెలియలేదు. స్కోప్ కింద బేస్ స్క్రూలకి ఎలెన్ కీ పెట్టి చూస్తే ముందుది అర చుట్టు తిరిగింది. నాలుగు పెట్టెలంటే నూట యాభై డాలర్ల పైమాట. వాడి మొహం చూడాల్సింది.

ఆ రోజూ, ఆ తర్వాత ఐదారు ఆదివారాలూ వాడితో కూర్చొని చేసిందంతా ఇక్కడ రాస్తున్నాను.

నాది మార్కాపురం దగ్గర పల్లె. శనగ చేలో పడే పందుల్ని బెదరగొట్టడానికి మా తాత దగ్గర మూతిలోంచి మందు కూరే లైసెన్సు తుపాకి ఒకటి ఉండేది. దానికి గురితో పని లేదు, చప్పుడు చేస్తే చాలు. నాకు గురి పిచ్చి పట్టింది ఆస్టిన్ వచ్చాకే. ఏటా నవంబరులో నలుగురం కలిసి ల్యానో కౌంటీలో వేటకని అద్దెకి తీసుకున్న ఒక స్థలంలో (ఇక్కడ లీజు అంటారు) తెల్లతోక జింకల వేటకి వెళ్తాం. నా రైఫిల్ టిక్కా టీ3ఎక్స్ లైట్, దానికి పట్టే తూటా రకం .308 వించెస్టర్. తూటాలు ఇంట్లో తయారు చేసుకునే ఓపికా లేదు, గ్యారేజీలో చోటూ లేదు. పెట్టె కొనడం, కాల్చడం, అంతే.

ఊళ్ళో ఉన్నవాళ్ళు ఇది చదివి ఉత్సాహపడొద్దు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. ఇక్కడ టెక్సస్‌లో కూడా లైసెన్సు కావాలి. 1971 సెప్టెంబరు 2న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళయితే వేట భద్రత కోర్సు కూడా చెయ్యాలి. హెచ్‌-1బి మీద ఉన్నవాళ్ళు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఫెడరల్ చట్టం ప్రకారం ఆ వీసా మీద తుపాకి దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. అయినా లాయరుని అడగకుండా ముట్టుకోకండి. నేను గ్రీన్ కార్డు వచ్చాకే కొన్నాను.

ఎంత గురి కావాలి?

రైఫిల్ గురిని ఎంఓఏల్లో (మినిట్ ఆఫ్ యాంగిల్, ఒక కోణపు కొలత) చెప్తారు. ఒక ఎంఓఏ 100 గజాల దగ్గర 1.047 అంగుళాలు. అందరూ అంగుళమనే అనేస్తారు. 200 గజాల దగ్గర రెండంగుళాలు, 300 దగ్గర మూడు. జింక ముందుకాలి వెనక, గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు ఎనిమిదంగుళాల వెడల్పు. రెండు ఎంఓఏల రైఫిల్ 200 గజాల దగ్గర నాలుగంగుళాల వలయంలో వేస్తుంది, అంటే మీరు పెట్టిన గురికి అటూ ఇటూ రెండేసి అంగుళాలు. మా లీజులో నేను కొట్టిన జింకల్లో 150 గజాలు దాటింది ఒకటే. అరంగుళం గ్రూపు (ఒకే గురికి వరసగా కాల్చినప్పుడు పడే కన్నాల గుంపు) కోసం ప్రాణం పెట్టేది కాగితం మీద పోటీలు ఆడేవాళ్ళు. మనకి ఒకటిన్నర ఎంఓఏ, ప్రతిసారీ, నమ్మకంగా వస్తే చాలు. అసలు కష్టం ఆ "ప్రతిసారీ"లోనే ఉంది.

అమ్మకానికి వచ్చే రైఫిళ్ళకి కంపెనీలు ఇచ్చే హామీ చాలావరకు మూడు తూటాల గ్రూపుకే. వెదర్‌బీ హామీ అయితే 100 గజాల దగ్గర మూడు తూటాలు 0.99 అంగుళాల లోపు. దానికి మంచి రకం ఫ్యాక్టరీ తూటాలు వాడాలని షరతు. హామీ అబద్ధమని కాదు, మూడు తూటాలు చెప్పేది తక్కువని. మూడు గులకరాళ్ళు దోసిట్లోంచి జారవిడిస్తే దగ్గర దగ్గరగా పడొచ్చు, పది విడిస్తే ఒకటి రెండు దూరంగా దొర్లుతాయి. లెక్క కూడా అదే అంటుంది. మూడు తూటాలకి సగటున అంగుళం వచ్చే రైఫిల్ ఐదు తూటాలకి అంగుళం పావు పైన, పది తూటాలకి అంగుళంన్నర పైన ఇస్తుంది. రైఫిల్ పాడవలేదు, కాల్చినవాడి చెయ్యి చెడిపోలేదు, కన్నాల లెక్క పెరిగిందంతే. జేబులో మడిచి పెట్టుకొని ఆఫీసులో చూపించే ఆ ఒక్క మూడు తూటాల కాగితాన్ని నమ్మకండి. నా దగ్గరా ఒకటుంది, 0.6 అంగుళాలది. అలాంటిది మళ్ళీ రాలేదు.

ముందు స్క్రూలు, తర్వాతే తూటాలు

కొత్త పెట్టె కొనేముందు ఇవి చూడండి. స్కోప్ బేస్ స్క్రూలు, రింగుల స్క్రూలు, కర్రనీ (బట్ అన్నా ఇదే), యాక్షన్‌నీ (తూటా ఎక్కించి పేల్చే లోహపు భాగం) కలిపి పట్టే స్క్రూలు. రింగుల పైకప్పులకి సాధారణంగా 15 నుంచి 20 ఇంచ్-పౌండ్ల బిగువు సరిపోతుంది. యాక్షన్ స్క్రూలకి ఎంతో మీ రైఫిల్ పుస్తకంలో చూడాలి. చెక్క బట్ ఉన్నవాటికి తక్కువ, లోపల అల్యూమినియం దిమ్మ ఉన్నవాటికి ఎక్కువ. చేత్తో అంచనా వెయ్యకండి, ఎంత బిగించామో చూపించే టార్క్ డ్రైవర్ కొనండి. స్క్రూ బిగించాక మా ఆవిడ ఎర్ర నెయిల్ పాలిష్‌తో స్క్రూ తల మీదుగా బేస్ మీదకి ఒక సన్న గీత గీస్తాను. గీత విరిగిందంటే స్క్రూ తిరిగినట్టే. కాల్పుల మైదానానికి, అంటే రేంజికి, వెళ్ళిన ప్రతిసారీ ఒక చూపు చాలు.

బ్యారెల్ కింద ఒక డాలరు నోటు దూర్చి, బట్ ముందు కొస నుంచి యాక్షన్ దాకా లాగండి. నోటు ఎక్కడైనా తట్టుకుంటే కర్ర బ్యారెల్‌ని నొక్కుతోందన్నమాట. చలికీ, వానకీ చెక్క ఉబ్బితే ఆ ఒత్తిడి మారి, గుండు పడే చోటూ మారుతుంది. కొన్ని పాత రైఫిళ్ళలో ముందు కొసన కావాలనే ఒత్తిడి పెట్టేవాళ్ళు, అలాంటిదైతే ఉలి తీసుకొని చెక్కెయ్యకండి.

నిజం చెప్పాలంటే, రైఫిల్ బాగోలేదని నా దగ్గరికి వచ్చిన ఆరుగురిలో నలుగురికి స్క్రూలే. ఒకరికి స్కోప్ లోపలే విరిగింది. మిగిలిన ఒకరికి తూటా నప్పలేదు.

నప్పడమంటే ఏంటి

మనం తూటా, గుండు ఒకటే అన్నట్టు వాడేస్తాం. ఇక్కడ తేడా పాటిద్దాం. తూటా అంటే ఇత్తడి గొట్టం, మందు, అడుగున ప్రైమర్, పైన గుండు, మొత్తం కలిపి. గాల్లో వెళ్ళేది గుండు ఒక్కటే. పెట్టె మీద 150 గ్రెయిన్లు అని రాస్తే అది గుండు బరువు, సుమారు 9.7 గ్రాములు.

దుకాణంలో దొరికే .308 తూటా లోకంలో ఉన్న ప్రతి .308 రైఫిల్లోనూ పట్టాలి. సామీ అనే సంస్థ 1926 నుంచి ఇక్కడ ఈ కొలతలు నిర్ణయిస్తోంది. అందరికీ పట్టే చొక్కా ఎవరికీ ఒంటికి అతికినట్టుండదు కదా, ఇదీ అంతే. ఒక్కో బ్యారెల్లో గుండుకీ, లోపల మెలి తిరిగిన గాడులు మొదలయ్యే చోటుకీ మధ్య ఖాళీ ఒక్కోలా ఉంటుంది. తూటా పేలినప్పుడు బ్యారెల్ వీణ తీగలా కంపిస్తుంది. గుండు మూతి దాటే క్షణంలో ఆ కంపం ఎక్కడుందన్నది గుండు వేగాన్ని బట్టి, బరువుని బట్టి మారుతుంది. అందుకే ఒకే కంపెనీ, ఒకే రోజు తయారు చేసిన రెండు రైఫిళ్ళకి వేర్వేరు పెట్టెలు నచ్చుతాయి.

గాడుల మెలిక ఇంకో సంగతి. నా బ్యారెల్‌ది 1:11, అంటే గుండు పదకొండంగుళాలు వెళ్ళేసరికి ఒక చుట్టు తిరుగుతుంది. 6.5 క్రీడ్‌మూర్ అనే ఇంకో తూటా రకంలో సాధారణంగా 1:8, ఎందుకంటే దాని గుళ్ళు సన్నగా పొడుగ్గా ఉంటాయి. పొడుగు గుండుకి బిగువైన మెలిక కావాలి, లేకపోతే బొంగరంలా తూలుతుంది. రాగి సీసం కంటే తేలిక కాబట్టి, 150 గ్రెయిన్ల పూర్తి రాగి గుండు అదే బరువున్న సీసం గుండు కంటే పొడుగ్గా ఉంటుంది. కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్ళకి ఇది తప్పదు. అక్కడ 2019 జులై 1 నుంచి వేటకి సీసం లేని తూటాలే వాడాలి. రాగి గుండు మీ బ్యారెల్‌కి నచ్చకపోతే తక్కువ బరువుది ప్రయత్నించండి.

పెట్టెలు ఎంచడం

నాలుగు రకాలు కొనండి, ఒక్కోటీ ఒక్క పెట్టె. వేటకి పనికొచ్చేవే కొనండి. "మ్యాచ్" అని రాసినవి కాగితం మీద ముద్దొస్తాయి గానీ, చాలావాటిలో గుండు ఒంట్లోకి వెళ్ళాక సరిగ్గా విచ్చుకోవడానికి చేసింది కాదు. పెట్టె మీద క్యాలిబరూ (తూటా రకం), బ్యారెల్ మీద చెక్కిన క్యాలిబరూ అక్షరం అక్షరం సరిపోవాలి. పక్కవాడి పెట్టె నుంచి అప్పు తీసుకున్నప్పుడే తప్పులు జరుగుతాయి.

నేను కొన్నవి: 150 గ్రెయిన్ల మామూలు సాఫ్ట్ పాయింట్ (మొన దగ్గర సీసం బయటికి కనిపించే గుండు), 165 గ్రెయిన్ల బాండెడ్ (సీసం, పైన తొడుగు విడిపోకుండా అతికించిన గుండు), 150 గ్రెయిన్ల రాగి, 180 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్. ఏ కంపెనీవో చెప్పను. నా బ్యారెల్ రుచి మీ బ్యారెల్‌కి ఉండదు.

రేంజిలో బల్ల మీద ముందు సంచి బట్ ముందు భాగం కింద ఉండాలి, బ్యారెల్ కింద ఎప్పుడూ పెట్టకూడదు. వెనక సంచికి డబ్బు తగలెయ్యొద్దు. నా మొదటిది పాత మేజోడులో రెండు సోలల సోనా మసూరి బియ్యం పోసి ముడేసింది. గుప్పిట్లో పిసికితే బట్ పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. అంతకంటే మంచి పరికరం లేదు. రెండో వేసవికి పురుగు పట్టి కారు డిక్కీ అంతా పాకింది, ఇంట్లో తిట్లు తిన్నాను. ఇప్పుడు ఇసక పోశాను.

చెవులకి మఫ్‌లు, కింద ప్లగ్గులు, రెండూ పెట్టుకోండి. చప్పుడుకి ఉలిక్కిపడే శరీరం ట్రిగ్గర్‌ని లాగదు, గుంజుతుంది. బామ్మర్దికి ఈ జబ్బు బాగా ఉండేది. వాడి మ్యాగజైన్‌లో నేను చాటుగా ఒక డమ్మీ తూటా కలిపి ఇచ్చాను. డమ్మీ దగ్గర టక్కుమంది గానీ పేలలేదు, బ్యారెల్ మూతి మాత్రం రెండంగుళాలు కిందకి దూకింది. "నేనేనా అది?" అన్నాడు. ఆ వారమంతా ఇంట్లో ఖాళీ రైఫిల్‌తో, తూటాలు వేరే గదిలో పెట్టి, రాత్రికి ఇరవైసార్లు ట్రిగ్గర్ నొక్కమన్నాను.

ఇక కాల్పు. ఒక్కో రకానికీ ఒక కాగితం, ఐదు తూటాలు. తూటాకీ తూటాకీ రెండు నిమిషాలు ఆగండి, గ్రూపుకీ గ్రూపుకీ బ్యారెల్ చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాలి. తేలిక రైఫిల్ బ్యారెల్ సన్నగా పెన్సిల్లా ఉంటుంది, నాలుగో తూటాకే కాగుతుంది. ఆగస్టులో ఆస్టిన్ ఎండలో ఇది నరకం. నేను తెల్లారగానే వెళ్ళి తొమ్మిదికల్లా ముగిస్తాను. తూటాల పెట్టె నీడలో ఉంచండి, కాగిన చాంబర్లో (బ్యారెల్లో తూటా కూర్చునే గది) తూటా పెట్టి కబుర్లు చెప్పకండి. మందు వేడెక్కితే ఒత్తిడీ వేగమూ పెరుగుతాయి.

ఈ దశలో స్కోప్ మీద గురి సరిచేసే మరలు ముట్టుకోకూడదు. గుళ్ళు నడిమధ్య పడుతున్నాయా లేదా అన్నది ఇప్పుడు అనవసరం, ఎంత దగ్గర పడుతున్నాయన్నదే చూడాలి. కన్నాల్లో రెండు చివరివాటి మధ్య, కేంద్రం నుంచి కేంద్రానికి కొలవండి. నావి: 150 సాఫ్ట్ పాయింట్ 1.9 అంగుళాలు, 165 బాండెడ్ 1.2, రాగి 2.6, 180 గ్రెయిన్లు 1.6. మొదటి దాన్నీ మూడో దాన్నీ పక్కన పెట్టి, మిగిలిన రెంటితో మరుసటి వారం ఇంకో ఐదేసి కాల్చాను. 165 మళ్ళీ ఒకటింబావు దగ్గరే ఆగింది, 180 రెండుకి పోయింది. 165 గెలిచింది. అన్నిట్లోకీ ఖరీదైన రాగిది ఆఖరున నిలిచింది, అది నా బ్యారెల్ తీర్పు.

పెట్టె లోపలి మూత మీద గానీ, అడుగున గానీ లాట్ నంబరు (ఒకేసారి తయారైన సరుకు గుర్తు) ఉంటుంది. అది రాసుకొని, అదే దుకాణంలో అదే నంబరున్న ఐదు పెట్టెలు కొన్నాను. లాట్ మారితే మందు బ్యాచీ మారొచ్చు. రెండేళ్ళ తర్వాత అదే పేరు, అదే బరువు, వేరే నంబరు పెట్టె తెస్తే 100 గజాల దగ్గర అంగుళంన్నర కిందకి పడింది. గ్రూపు మాత్రం బాగానే ఉంది, జీరో (స్కోప్ గురీ, గుండు పడే చోటూ కలిసేలా పెట్టుకున్న అమరిక) కదిలింది.

జీరో చెయ్యడం

మొదట 25 గజాలు. ఎక్కువ స్కోపుల్లో మర ఒక క్లిక్కు తిప్పితే గుండు పడే చోటు 100 గజాల దగ్గర పావంగుళం, 25 దగ్గర వీసం (పదహారో వంతు) అంగుళం జరుగుతుంది. అంటే 25 గజాల్లో మూడంగుళాలు కింద పడితే 48 క్లిక్కులు పైకి. ఇక్కడే అందరూ లెక్క తప్పి కాగితం దాటిపోతారు. 25లో నడిమధ్య తగిలితే, .308కి వందలో రెండు మూడంగుళాలు పైన పడుతుంది. అప్పుడు 100 గజాలకి వెళ్ళండి.

వందలో మూడు కాల్చండి, ఆ మూడింటి మధ్య బిందువు చూసి అప్పుడే మరలు తిప్పండి. ఒక్కో తూటాకీ ఒక్కోసారి తిప్పేవాడు తన నీడని తనే తరుముతున్నట్టు. బామ్మర్ది నాలుగు పెట్టెల్లో ఒకటిన్నర అలాగే పోయింది. నేను 100 దగ్గర గుండు నడిమధ్యకి రెండంగుళాల పైచిలుకు ఎత్తున పడేలా పెడతాను. 165 గ్రెయిన్లది 200 దగ్గర నడిమధ్య తగులుతుంది, 300 దగ్గర దాదాపు తొమ్మిదంగుళాలు దిగుతుంది. గంటకి పది మైళ్ళ అడ్డగాలి 200 దగ్గర మూడంగుళాల దాకా నెడుతుంది. 200 లోపు ఉంటే ఈ లెక్కలేవీ తలలో మోయనక్కర్లేదు.

చల్లని తూటా

జింక మీద కాల్చేది చల్లని బ్యారెల్ నుంచి మొదటి తూటా. రేంజిలో మనం కాల్చేవి ఎక్కువగా వేడి బ్యారెల్ నుంచి. ఈ తేడా పట్టుకోవడానికి నేను చేసేది ఇది. ఒక కాగితం పెట్టుకుంటాను. ఐదు ఆదివారాలు, వెళ్ళగానే, వేరే ఏదీ కాల్చకముందు, ఆ కాగితం మీద ఒకే ఒక్క తూటా. కన్నం పక్కన తారీఖు రాసి, మడిచి, కేసులో పెట్టేస్తాను. వచ్చే వారం మళ్ళీ అదే కాగితం. ఐదు వారాల తర్వాత ఆ ఐదు కన్నాలే నా అసలు గ్రూపు. నిద్ర చాలని ఆదివారం, గాలి ఉన్న ఆదివారం, టీమ్ లీడ్‌తో గొడవపడ్డ మర్నాటి ఆదివారం, అన్నీ అందులో ఉంటాయి. బల్ల మీద 1.2 వచ్చిన నా 165, ఈ కాగితం మీద 1.7 వచ్చింది. నేను నమ్మేది 1.7.

ఇందులో ఒక కన్నం ఎప్పుడూ దూరంగా పడుతుంటే, ఆ వారం బ్యారెల్ కడిగారేమో గుర్తు చేసుకోండి. నూనె తడి ఉన్న బ్యారెల్, కొత్తగా కడిగిన బ్యారెల్ మొదటి ఒకటి రెండు తూటాలు వేరే చోట వేస్తాయి. కడిగాక పొడిగుడ్డతో తుడిచి, రెండు మూడు తూటాలు కాల్చి, అలాగే సీజన్‌లోకి వెళ్ళండి. ప్రతి వారం తోమాల్సిన పని లేదు. గ్రూపు విచ్చుకోవడం మొదలైనప్పుడు తోమండి.

చివరి పరీక్షకి పేపర్ ప్లేట్లు చాలు, ఎనిమిదంగుళాలవి, గృహప్రవేశాల్లో మిగిలిపోయేవే. ఇక్కడ బ్లైండ్ అంటారు, మన మాటలో మంచె. మంచెలో ఎలా కూర్చుంటారో అలా కూర్చొని, కిటికీ చట్రం మీద సంచి పెట్టి, ఐదుకి ఐదు ప్లేటులో పడే దూరం కనుక్కోండి. అంతకు మించి జింక కనిపిస్తే ఫొటో తీసుకోండి. నాది 220 గజాలు. బల్ల మీద చూసుకుంటే 350 అనుకునేవాణ్ణి.

లీజుకి చేరాక, మట్టి రోడ్డు మీద ట్రక్కులో మూడు గంటలు ఊగిన రైఫిల్‌తో ఒక్క తూటా వందలో కాల్చి చూసుకోండి. నెయిల్ పాలిష్ గీత కూడా చూడండి.

బామ్మర్ది ఐదో ఆదివారం కాగితం వాట్సాప్‌లో పంపాడు. నాలుగు కన్నాలు అంగుళంన్నరలో ఉన్నాయి, మొదటి ఆదివారందొకటి కుడికి పోయింది, ఆ వారమే నూనె పోసి కడిగాడట. నవంబరు మొదటి శనివారం మంచెలో కూర్చున్నాడు. ఎనిమిదింటికి ఒక ఆడజింక తొంభై గజాల్లో పక్కకి తిరిగి నిలబడింది. ఒకటే తూటా, నలభై అడుగులు నడిచి పడింది. వాడి బ్యారెల్‌కీ నా 165 గ్రెయిన్లదే నచ్చింది, పైగా అదే లాట్. నా దగ్గర ఆ నంబరువి ఏడు తూటాలే మిగిలాయి, వాడి దగ్గర మూడు పెట్టెలున్నాయి. ఒక పెట్టె ఇవ్వరా అని అడిగి రెండు నెలలైంది. "చూద్దాం బావా" అంటున్నాడు.